పలుపు ఎంత పొడుగుంది?

పాడి కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, పశువుల డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది అత్తిలి దగ్గర పల్లెటూరండి. నాలుగు ఆవులున్నాయి, రెండు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాసు, రెండు జెర్సీ క్రాసు. పూటకి పదిహేను ఇరవై లీటర్లు పాలకేంద్రంలో పోస్తాం. మా మామగారి రోజుల్లో గేదెల్ని పొద్దున్నే పుంత (పశువులు నడిచే దారి) మీదకి తోలితే దీపాల వేళకి వాటంతట అవే ఇంటికి చేరేవి. ఇప్పుడు పుంత సిమెంటు రోడ్డయింది, మేత పోరంబోకు ఎటు పోయిందో ఎవరూ చెప్పరు, ఇటు చూస్తే చేలు, అటు చూస్తే రొయ్యల చెరువులు. అందుకని మా ఆవులు రేకుల షెడ్డులోనే ఉంటాయి. పెద్దావుని కొని మూడేళ్లయింది, ఎద సూదికి (చూడి కట్టించే సూదికి) కూడా మనిషే ఇంటికొస్తాడు కాబట్టి అది ఇంతవరకూ దొడ్డి గేటు దాటలేదు. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. సంక్రాంతికి వచ్చి షెడ్డు చూసి "అమ్మా, వీటికి యావజ్జీవం వేశావు" అంది. ఉన్న నాలుగు రోజులూ కాఫీ కూడా పాలు లేకుండా తాగి వెళ్లింది. నేను మేతకి లోటు చెయ్యను, కనుమనాడు కడిగి పసుపు కుంకుమ పెడతాను, మా ఇంట్లో మనుషుల కన్నా ముందు వాటికే నీళ్లు. నేను చేస్తున్నది పాపమా? మొహమాటం లేకుండా చెప్పండి.
— ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మేత ఉంది, నీళ్లున్నాయి, పసుపు కుంకుమలున్నాయి. పలుపు, అంటే మెడకి కట్టే తాడు, ఎంత పొడుగో మాత్రం రాయలేదు. రేపు పొద్దున పాలు తీయడం అయ్యాక ఒకసారి మూరతో కొలవండి. రెండు మూరలకి మించదని నా అనుమానం, ఎందుకంటే ముప్పయ్యేళ్లుగా నేను చూసిన షెడ్లలో చాలావాటిలో అంతే ఉండేది. ఆ రెండు మూరల్లోనే ఆవు తినాలి, పడుకోవాలి, లేవాలి, వీపు మీద ఈగని తోలుకోవాలి, పక్క ఆవుని నాకాలి. మీ అమ్మాయికి షెడ్డు జైలులా కనిపించింది. నేనైతే ముందు పలుపు చూస్తాను.

మీ మామగారి రోజుల్ని మరీ స్వర్గం చెయ్యకండి. గేదెలు పుంతల వెంటా కాలువ గట్ల వెంటా మేసి వచ్చేవి, నిజమే, వాటితోపాటు జలగ వ్యాధీ వచ్చేది. తడినేలలో నత్తలుంటాయి, ఆ నత్తల్లో పెరిగిన జలగ పిల్లలు గడ్డికి అంటుకుని పశువు కడుపులోకి పోయి కార్జంలో కాపురం పెడతాయి, దవడ కింద నీటిసంచి దిగుతుంది, పాలు ఎండిపోతాయి, ఆఖరికి ఎముకలగూడు మిగులుతుంది. పరాయి చేలో పడ్డ గొడ్డుని బందెలదొడ్డికి తోలేసేవారు, యజమాని వచ్చి డబ్బు కట్టేదాకా అక్కడ నీళ్లు పెట్టే దిక్కుండేది కాదు. పైగా మన నేల సంగతి మీకు తెలియంది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారిన దగ్గర్నుంచి గడ్డి మొలవాల్సిన చోటల్లా వరే మొలుస్తోంది. సార్వా కోయగానే దాళ్వా, అది కూడా పడని చోట చేప, రొయ్య. పిల్లిపెసరా జనుమూ చల్లి పశువుల్ని వదిలే చేలు మీ ఊళ్లో ఎన్ని మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. కోత మిషన్లొచ్చాక ఎండుగడ్డి కూడా కట్టల లెక్కన కొనుక్కునే రోజులు. కాబట్టి ఆవులు మేపుకి వెళ్లకపోవడం మీ ఒక్కరి తప్పని నేననలేను.

ఆ మాటకొస్తే అందులో నా వాటా ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరూరా మీటింగులు పెట్టి, "కట్టేసి మేపండి, తిరిగితే పాలు తగ్గుతాయి" అని మైకులో చెప్పినవాళ్లలో నేనొకణ్ని. క్రాసు ఆవుకి తిరుగుడు దండగ, తిన్నదంతా పాలలోకే రావాలి, అదీ అప్పటి పాఠం. లీటర్ల లెక్క సరిగ్గానే వచ్చింది. కాళ్ల లెక్క మేమెవరం వెయ్యలేదు. తరవాత పదేళ్లూ నా సంచిలో ఎక్కువ ఖర్చయింది గిట్టల మందూ, పొదుగువాపు మందూ.

ఇప్పుడు మీ షెడ్డులోకి వెళ్లి ఆవు ముందు ఒక పావుగంట ఊరికే నిలబడండి, పని పెట్టుకోకండి. ఆవు రోజులో ఇంచుమించు సగం, అంటే పది పన్నెండు గంటలు, పడుకునే జీవి. ఏడెనిమిది గంటలు నెమరు వేస్తుంది, అదీ ఎక్కువగా పడుకునే. మీ ఆవు పడుకోవాల్సిన వేళ నిలబడే ఉంటే దానికి కింద నేల నచ్చలేదన్నమాట. మోకాళ్లు చూడండి, వెనకకాళ్ల మడమ దగ్గర వెంట్రుకలూడి కాయ కాసిందేమో చూడండి, అది సిమెంటు రాసుకున్న గుర్తు. తొడలకి పేడ అట్టకట్టి ఉంటే దానికి పొడి జాగా దొరకడం లేదని అర్థం. అన్నిటికన్నా ముఖ్యం, అది లేచేటప్పుడు చూడండి. ఆవు లేచే తీరు గుర్రం లేచే తీరుకి పూర్తిగా ఎదురు: ముందు తల బాగా ముందుకి చాపి, ఆ ఊపుతో వెనకభాగం లేపి, చివర్లో ముందుకాళ్లు నిలబెడుతుంది. తల ముందుకి చాపడానికి జాగా ఇవ్వకుండా గాడికి (మేత వేసే తొట్టికి) ఆనించి పొట్టి పలుపుతో కట్టేస్తే దానికి ఆ ఊపు దొరకదు. లేవబోయి ఆగుతుంది, మళ్లీ కూలబడుతుంది, కొన్నైతే ముందుకాళ్లు నిలబెట్టి కుక్కలా కూర్చుని ఆనక లేవడం నేర్చుకుంటాయి. అలా నేర్చుకున్న ఆవుని చూసి "బద్ధకం గొడ్డు" అనేవాళ్లని నేను చాలామందిని చూశాను. మనిషిని మంచానికి కట్టేసి బద్ధకస్తుడన్నట్టుంది.

మరి ఆవుకి బయట కావాలని మనకెలా తెలుసు, అది నోరు తెరిచి అడిగిందా అని మీ ఇంటాయన అడగొచ్చు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆవునే అడిగారు. ఆవు తలతో తోస్తే తెరుచుకునే గేటు పెట్టి, ఆ గేటుకి రోజురోజుకీ బరువు పెంచుకుంటూ పోయారు. గేటు అవతల ఒకసారి తాజా మేత, ఇంకోసారి పచ్చికబయలు. మేత కోసం ఎంత బరువు తోశాయో పచ్చిక కోసమూ దాదాపు అంతే బరువు తోశాయి. ఈ సంగతి 2017లో అచ్చయింది. అదే విశ్వవిద్యాలయం అంతకుముందు చేసిన ఇంకో పరీక్ష మనకి ఇంకా పనికొచ్చేది. షెడ్డూ పచ్చికా రెండూ తెరిచి పెడితే, ఎండ పెరిగి ఉక్కపోసే పగటిపూట ఆవులు షెడ్డులోకే వచ్చేవి, రాత్రయ్యేసరికి బయటికి పోయేవి. మన రోహిణీకార్తెలో హెచ్‌ఎఫ్ ఆవుని మిట్టమధ్యాహ్నం బయట నిలబెట్టి "స్వేచ్ఛ ఇచ్చాను" అంటే అది ఇంకో రకం హింస, ఎందుకంటే ఆ జాతి పుట్టిందే చల్లటి హాలెండు వైపు.

హాలెండు అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ ఏడాదికి కనీసం 120 రోజులు, రోజుకి ఆరు గంటలు పచ్చికలో తిరిగిన ఆవుల పాలని వేరే గుర్తు వేసి అమ్ముతారు. స్వీడన్లో ఇంకా గట్టిగా, ఎండాకాలంలో ఆవుల్ని పచ్చికకి వదిలి తీరాలని 1988లో చట్టమే చేశారు, దానికోసం పత్రికల్లో పోరాడింది పిల్లల కథలు రాసే ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అనే పెద్దావిడ. చలికాలమంతా లోపలున్న ఆవుల్ని వసంతంలో గేటు తీసి వదిలే రోజున జనం పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళతారు, తిరణాలకి వెళ్లినట్టు. ఆరేడొందల కిలోల ఆవు నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి గంతులేస్తుంది. మనకి ఆ తిరణాల అక్కర్లేదు, పలుపు తెంచుకున్న మన గేదె తోకెత్తుకుని కొబ్బరితోటలో పరిగెత్తితే అదే ఆనందం, కాకపోతే మనం కర్ర పట్టుకుని వెనక పరిగెడతాం.

సరే, అక్కడ ఎకరాలకెకరాలు పచ్చికలున్నాయి, ఇక్కడ సెంటు లెక్కన భూమి కొంటున్నాం, ఏం చెయ్యమంటారు అంటారు. ఆ సెంటు లెక్కే వేద్దాం. మన పశుపోషణ పుస్తకాల్లో చాలాకాలంగా ఉన్న కొలత ఇది: ఆవుకి కప్పు కింద 3.5 చదరపు మీటర్లు, దానికి ఆనుకుని ఆరుబయట 7 చదరపు మీటర్లు, చుట్టూ దడి, మెడకి పలుపు లేదు. నాలుగు ఆవులకి 42 చదరపు మీటర్లు. సెంటంటే 40 చదరపు మీటర్ల పైచిలుకు. అంటే మీ నాలుగు ఆవులూ పలుపు లేకుండా, తమకి నచ్చినప్పుడు నీడకీ నచ్చినప్పుడు ఆకాశం కిందికీ పోవడానికి మొత్తం కావలసింది సెంటుకి ఒక పిసరు ఎక్కువ, అందులో మూడోవంతు మీ షెడ్డు ఇప్పటికే ఉంది. మీ దొడ్లో బండ్లు తిప్పుకునే జాగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. సరుగుడు కర్రలతో దడి కట్టండి, నేల మెరక చేసి ఇసకో పొట్టో పరవండి, ఒక మూల నీళ్లతొట్టి, వీలైతే ఒక వేపచెట్టు. పాలు తీసేటప్పుడూ దాణా పెట్టేటప్పుడూ కట్టుకోండి, ఎవరూ కాదనరు, లేకపోతే బలిసింది బక్కదాన్ని తిననివ్వదు. మిగతా వేళ వదిలెయ్యండి, ముఖ్యంగా రాత్రి. మొదటి రెండు రోజులూ పొడుచుకుంటాయి, కంగారుపడి మళ్లీ కట్టెయ్యకండి, వాటిలో వాటికి పెద్దా చిన్నా తేలాక సద్దుకుంటాయి. కొమ్ములు పదునుగా ఉన్నదాన్ని మాత్రం ఒక కన్నేసి ఉంచండి.

దీనివల్ల మీకో లాభం కూడా ఉంది. వదిలిన ఆవులు ఎదకొస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, మీకు కళ్లకి కనిపిస్తుంది. కట్టేసిన ఆవు ఎద చాలాసార్లు మూగగానే పోతుంది, మీరు చూసేలోగా దాటిపోతుంది, సూది వృథా, ఇంకో ఇరవై ఒక్క రోజులు ఆగాలి. చూడి కట్టడం లేదని నా దగ్గరికొచ్చే కేసుల్లో గర్భసంచికి ఏ రోగమూ లేనివి బోలెడు.

చట్టం మాట కూడా చెప్పెయ్యాలి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్లో, పశువుని అన్యాయంగా పొట్టి తాడుతోనో బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టేసి ఉంచడం నేరమని రాసే ఉంది. దాని కింద మన జిల్లాల్లో ఒక పాడిరైతుని స్టేషనుకి పిలవడం నా సర్వీసులో నేనైతే చూడలేదు. భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ అమ్మాయి అన్న మాట మరీ పట్నపు మాటేం కాదని చెబుతున్నాను.

పాపం సంగతి అడిగారు. ఆ ఖాతా నా దగ్గర ఉండదమ్మా. నా దగ్గరున్నది ఒక జ్ఞాపకం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చినప్పుడు నేను కోనసీమలో పని చేస్తున్నాను. తెల్లారి కూలిన కొబ్బరిచెట్ల మీంచి దాటుకుంటూ ఊళ్లోకి వెళ్లాం. పాకలు పడిపోయి, గుంజలకి కట్టినవి కట్టినట్టే చచ్చి ఉన్నాయి, మెడలు పలుపు వైపు సాగి. ఒక ఇంటి ముసలాయన మాత్రం గాలి మొదలవగానే కొడవలి పట్టుకుని తనవే కాక ఇరుగుపొరుగు గొడ్ల పలుపులు కూడా కోసుకుంటూ పోయాడట. ఆ వీధి గేదెలు మూడోనాటికి ఒకటీ రెండూగా తిరిగొచ్చాయి. ఇప్పటికీ తుఫాను హెచ్చరికొస్తే పశువుల పలుపులు విప్పెయ్యండని చాటిస్తారు. నాకు అప్పటినుంచీ పలుపు ముడి చూస్తే ఆ ముసలాయన చెయ్యి గుర్తొస్తుంది.

మీ అమ్మాయి కాఫీ గురించి తగువు పెట్టుకోకండి. దడి కట్టాక ఒక ఫోటో పంపండి, తాగినా తాగకపోయినా వచ్చి చూస్తుంది.

ప్రశ్న: భీమవరం వైపు పంట కాలువ పక్కన మాకు ముప్పై ఆవుల ఫారం ఉందండి. పలుపనేదే లేదు. ఫ్యాన్లు, నీటి తుంపర్లు, కింద రబ్బరు మ్యాట్లు, వీపు గోకడానికి తిరిగే బ్రష్షు కూడా పెట్టాం. అయినా చూడ్డానికొచ్చినవాళ్లు "ఫ్యాక్టరీ" అని మొహం చిట్లిస్తున్నారు. ఇంటెనక రెండు మూరల తాడుతో కట్టేసిన గేదెని మాత్రం లక్ష్మీదేవి అంటారు. ఇదేం న్యాయం?
— ఒక యువరైతు

జవాబు: మీ కోపంలో న్యాయముంది. కళ్లకి అలవాటైన కష్టం మనకి కష్టంలా కనపడదు. రెండిట్లో దేంట్లో పుడతావని నన్నడిగితే మీ బ్రష్షు ఉన్న షెడ్డులోనే పుడతాను.

కానీ మిమ్మల్నీ కొన్ని అడగాలి. ముప్పై ఆవుల్నీ పొద్దున్నే పేరుపేరునా చూసే మనిషి ఎవరు? జీతానికున్న కుర్రాడు నెలకొకడు మారిపోతుంటే కుంటుతున్న ఆవుని కనిపెట్టేది ఎవరు? రెండు ఆవులున్న ఇంట్లో ఒకటి మేత మానేస్తే ఆ పూటే తెలుస్తుంది, మందలో నాలుగోనాటికి తెలుస్తుంది. తుంపర్లు కొట్టాక నేల ఆరుతోందా? మన గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాను లేకుండా తుంపరొక్కటే కొడితే వానాకాలాన్ని షెడ్డులోకి తెచ్చినట్టే. రాత్రి పూట తిరగడానికి ఆరుబయట జాగా ఉందా? మీ ఉత్తరంలో అన్నీ కప్పు కిందివే రాశారు.

పేడ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో కూడా చూసుకోండి. ఇంగ్లండులో నాక్టన్ అనే చోట 8,100 ఆవుల షెడ్డు కడతామని మొదట దరఖాస్తు పెట్టి, 2010లో ఆ లెక్కని 3,770కి తగ్గించి మళ్లీ పెట్టారు. ఆవుల సుఖం గురించి దేశమంతా వాదించుకుంది. 2011లో దాన్ని విరమించుకున్నప్పుడు కంపెనీ చెప్పిన కారణం మాత్రం భూగర్భజలం పాడవుతుందని పర్యావరణ శాఖ పెట్టిన అభ్యంతరం. మీ పక్కన పంట కాలువ ఉందని రాశారు కాబట్టి చెబుతున్నా.

ప్రశ్న: గేదెల్ని కాలువలోకి దింపుతుంటే ఊళ్లో గొడవ చేస్తున్నారు, తాగే నీళ్లట. గేదె నీళ్లలో పడకపోతే ఎలా బతుకుతుందండి?
— కోనసీమ నుంచి ఒక రైతు

జవాబు: గొడవ చేసేవాళ్లదే ఒప్పు. ఆ కాలువ నీళ్లే ఊరి మంచినీళ్ల చెరువుకి పోతాయి. మీ గేదె చెప్పేదీ ఒప్పే. నల్లటి తోలు, చెమట గ్రంథులు చాలా తక్కువ, దానికి ఒళ్లు చల్లబడే దారి నీళ్లో బురదో. పాత రోజుల్లో దీనికి ఊరూరా వేరే గుంట ఉండేది, అందులో ఇప్పుడు చేపలున్నాయి. దొడ్లోనే నడుంలోతు గొయ్యి తవ్వి మోటారు నీళ్లు పెట్టండి, వారానికోసారి తోడి కొబ్బరిచెట్లకి మళ్లించండి. అదీ కుదరకపోతే పగలు రెండు మూడు సార్లు పైపుతో బాగా తడిపి ఫ్యాను కింద కట్టండి. సాయంకాలం గట్టు మీద ఒక అరమైలు నడిపించండి, మీకూ షుగరు తగ్గుతుంది.

ప్రశ్న: షెడ్డులో పాటలు పెడితే పాలు పెరుగుతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: ముందు ఫ్యాను పెట్టండి.

ప్రశ్న: అందరూ ఆవు గురించే రాస్తారు. మా వీధిలో దున్నదూడ పుడితే పది రోజుల్లో "పోయింది" అంటారు. ఏ రోగంతో పోయిందో ఎవరూ చెప్పరు. మీరైనా రాస్తారా?
— డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: రోగం పేరు ఆకలమ్మా. తల్లి చేపుకి రావడానికి, అంటే పొదుగులోకి పాలు దిగడానికి, రెండు గుక్కలు తాగనిచ్చి లాగేస్తారు, పేయదూడ (ఆడదూడ) అయితే ఒక చన్ను వదులుతారు, దున్నదూడకి ఆ ఒక్కటీ ఉండదు. దున్నే పని ట్రాక్టరు తీసుకున్నాక దున్నపోతుని పెంచే ఇల్లు లేదు. అమ్మడానికి చెయ్యి రాదు, చంపడానికీ చెయ్యి రాదు, కాబట్టి ఎండబెడతారు. అది కసాయి కత్తి కన్నా మంచిదని నన్నెవరూ ఒప్పించలేకపోయారు. దూడ చచ్చాక దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు తీసిన ఇళ్లకి నేను వైద్యానికి వెళ్లాను, ఆ ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు, నాకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చారు. ఆ బొమ్మ కూడా వద్దనుకున్నవాళ్లు పాలు చేపే సూది పొడుస్తారు. పాలకోసం పశువు ఆరోగ్యం చెడేలా సూదులు పొడవడం నేను పైన చెప్పిన చట్టంలోనే 12వ సెక్షన్ కింద నేరం.

ఇప్పుడు ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం దొరుకుతోంది, పదింట తొమ్మిది దాకా పేయలే పుడతాయి. వాడమనే చెబుతాను, పుట్టి ఎండేకన్నా పుట్టకపోవడం నయం. కానీ ఈలోగా పుట్టిన దానికి పుట్టిన గంటలోపే జున్నుపాలు కడుపునిండా పట్టాలి, తరవాత మూడు నెలలు రోజుకి రెండు మూడు లీటర్లు. ఆ పాల ఖరీదు మనం కొనే పాల ధరలో ఎవరూ కలపలేదు. కలిపితే రైతు చేతికి కొంచెం ఎక్కువ రావాలి, మీరూ నేనూ కొంచెం ఎక్కువ ఇవ్వాలి. నేను ఇస్తానన్నాను. మా ఆవిడ మాత్రం ముందు మన పాలబ్బాయి నీళ్లు కలపడం మానితే అప్పుడు ఆలోచిద్దామంది.